అరవై నాలుగో కొక్కెం

శుక్రవారం నాడు, గోధుమ నూకతో వండే కుస్కుస్ పళ్లెం ముందు నుంచి నన్ను లేపినవాళ్లని నేను మామూలుగా క్షమించను. ఆ రోజు క్షమించాను. ఫోన్ చేసింది పాత ఆయుధాగారం మ్యూజియం డైరెక్టర్ బహీజా, మేమంతా మర్యాదగా లల్లా బహీజా అంటాం. పైగా రెండో వడ్డన కూడా అప్పటికే నా కడుపులో పడింది.

"లల్లా ఇట్టో, అరూసా పోయింది!" అంది ఏడుపు గొంతుతో.

అరూసా అంటే పెళ్లికూతురు. మా మెక్నెస్ ఊళ్లో ఆ తుపాకిని ఎరగని మనిషి లేడు. మనిషెత్తు పొడవు, గొట్టం నిండా వెండి తొడుగు, ఎముక పొదిగిన కర్ర. మూడో హాల్లో గాజు బీరువాలో నిలబడి ఉంటుంది.

"ఎప్పుడు పోయింది?"

"జుమా నమాజుకి మూశాం కదా, మళ్లీ తెరిచేలోపు. ఇన్‌స్పెక్టర్ హమ్మాది వచ్చాడు. బా అల్లాలే దొంగ అంటున్నాడు. ఐదింటికి స్టేషన్‌కి తీసుకుపోతాడట."

నాకు నెత్తిన భగ్గుమంది. బా అల్లాల్ ఆ మ్యూజియంకి ముప్పై నాలుగేళ్లుగా కాపలాదారు. రెండు నెలల్లో రిటైర్ కాబోతున్నాడు. ఆ వయసులో ఆయన్ని బజారంతా చూస్తుండగా పోలీసు బండి ఎక్కిస్తే, రేపు వదిలిపెట్టినా మళ్లీ తలెత్తుకుని తిరగలేడు. మిగిలిన కుస్కుస్ మీద మూత పెట్టి, జెల్లాబా అంగీ తగిలించుకుని బయల్దేరాను.

నాలుగూ ఐదుకి గేటు దగ్గర దిగాను. హమ్మాది నడుం మీద చేతులు పెట్టుకుని నాకోసమే చూస్తున్నాడు. పోలీసు వేలిముద్రల విభాగంలో ఎనిమిదేళ్లు నా కింద పనిచేశాడు. నేను నేర్పిన పనిని నా మీదే ప్రయోగించడం వాడికి మహా సరదా. పిలవడం మాత్రం ఖాల్తీ అని, పిన్నీ అన్నట్టు.

"వచ్చావా ఖాల్తీ! ఇంట్లో కూర్చుని స్వెటర్లు అల్లుకోక నీకెందుకీ శ్రమ?"

"అల్లుతూనే ఉన్నా నాయనా. నీ కేసులో పోగులన్నీ ఊడిపోతున్నాయని కబురొస్తే లేచొచ్చా."

"ఊడటానికి ఇందులో ఏమీ లేదు. విను." వేళ్లు మడవడం మొదలుపెట్టాడు. "పన్నెండూ పదికి మ్యూజియం మూశారు. మసీదు ఐదు నిమిషాల నడక. అల్లాల్ మసీదులోకి అడుగుపెట్టింది పన్నెండూ నలభైకి. మధ్యలో పాతిక నిమిషాలు ఎక్కడున్నావయ్యా అంటే నోరు విప్పడు. బీరువా పగలగొట్టలేదు, తాళంచెవితో తీశారు. తాళంచెవులు రెండే. ఒకటి అల్లాల్ నడుముకి, ఇంకోటి డైరెక్టరమ్మ మెడలో. ఆవిడ ఇవాళ అత్తగారింట్లో ఇరవైమంది మధ్య కూర్చుని భోంచేసింది. ఇంకేం కావాలి నీకు?"

"నమాజు తర్వాత అల్లాల్ ఎక్కడున్నాడు?"

"ఒకటీ నలభై ఐదుకి మసీదు నుంచి జనంతోపాటే వచ్చాడు. రెండింటికి కూతురు కుస్కుస్ తెచ్చిస్తే ఇదిగో, ఈ గేటు మెట్ల మీదే కూర్చుని తిన్నాడు. రెండూ యాభైకి అందరి ముందూ మ్యూజియం తెరిచేదాకా కదల్లేదు. ఎదురుగా టీ కొట్టతను చూస్తూనే ఉన్నాడు. అందుకే అంటున్నా, ఆ పాతిక నిమిషాల్లోనే పనైపోయింది. వెనక తలుపులోంచి ఎవడికో అందించేశాడు."

"వెనక తలుపు తాళాలు ఎవరెవరి దగ్గర?"

"డైరెక్టర్, అల్లాల్, డిప్యూటీ షకీబ్ ఫిలాలి. షకీబ్‌కి కడుపులో పుండు, కుస్కుస్ పడదు. స్టేషన్ పక్కన కాఫీ హోటల్లో బ్రెడ్డు తిని రెండూ నలభై ఐదుకి వచ్చానన్నాడు."

"తర్వాత మ్యూజియంలోంచి ఏదైనా బయటికి వెళ్లిందా?"

హమ్మాది భుజాలెగరేశాడు. "ఆడపిల్లల గుర్రపు బారు తుపాకులు వెళ్లాయి. రేపు జాతరలో వరసగా దౌడు తీస్తూ అందరూ ఒక్కసారే పేల్చాలిగా. ఇవాళ ఐదింటికి మైదానంలో రిహార్సల్ ఉందిగా. అవి ఇక్కడి గోదాంలోనే ఉంటాయి. మూడూ పదిహేనుకి వ్యాను ఎక్కించారు. మావాడు లెక్కపెట్టాడు. రిజిస్టర్లో పదకొండు, సంచుల్లో పదకొండు."

"సంచులు విప్పి చూశారా?"

వాడి ముఖం ఒక్క క్షణం చిన్నబోయింది. "జాతర ముందు రౌతు తుపాకి మీద పరాయి చెయ్యి పడకూడదు ఖాల్తీ. మా అమ్మ కూడా గుర్రపు బార్లు కట్టే ఊరి మనిషే. ఆ సంచులు విప్పితే ఇంటికెళ్లాక నాకు అన్నం పెట్టదు. అయినా పదకొండుకి పదకొండు ఉన్నాయిగా!"

వాణ్ని తప్పుపట్టలేకపోయాను. నేనైనా విప్పించేదాన్ని కాదు.

గేటు గదిలో బా అల్లాల్ బెంచీ మీద ఉన్నాడు. నన్ను చూసి లేవబోయాడు. భుజం మీద చెయ్యేసి కూర్చోబెట్టి, ఆయన పక్కనే చతికిలబడ్డాను. ఆయన టీ కెటిలు ఇంకా వెచ్చగానే ఉంది. అడక్కుండానే ఓ గ్లాసు ఒంపుకున్నాను. పుదీనా, చక్కెర ఘాటుగా పడ్డాయి. ప్రాణానికి హాయిగా ఉంది.

"పాతిక నిమిషాలు, బా అల్లాల్. ఎక్కడికెళ్లావు?"

"చెప్పను బిడ్డా."

"చెప్పకపోతే బండెక్కిస్తారు."

"ఎక్కించనీ. నేను దొంగని కాదు. చెయ్యకూడని పని ఒకటి చేశాను, నిజమే. కానీ దొంగతనం కాదు."

"ఎవరికోసం చేశావు?"

ఆయన చూపు కిటికీలోంచి దక్షిణం వైపు పోయింది. అటే, గోడ కింద, జాతర మైదానం. నాకు గుర్తొచ్చింది. ఆయన మనవరాలు షామా ఆ ఆడపిల్లల బారులో రౌతు.

"షామా ఎలా స్వారీ చేస్తోంది?" అన్నాను మాట మార్చినట్టు.

ముసలాయన ముఖం విచ్చుకుంది. "గుర్రమెక్కితే మా నాన్నే! కానీ మాట వినదమ్మా. మందు కూరే ముందు గొట్టంలో ఊపిరి ఊదవే, అటు చివర రంధ్రం మీద బొటనవేలు పెట్టి గాలి తగుల్తుందో లేదో చూడవే అని వందసార్లు చెప్పాను. గాలొస్తే తుపాకి ఖాళీ. రాకపోతే లోపల ఏదో ఉన్నట్టు. మా కాలంలో ఊదకుండా తుపాకి పట్టినవాణ్ని బారులో ఉండనిచ్చేవాళ్లు కాదు. ఇది నవ్వుతుంది! 'తాతా, నా లిప్‌స్టిక్ చెరిగిపోతుంది' అంటుంది."

నేనూ నవ్వాను. మా నాన్న కూడా రౌతే. భోజనం ముందు బిస్మిల్లా మర్చిపోయినా మర్చిపోయేవాడేమో గానీ, తుపాకి చేతికొస్తే ఊదకుండా ఉండేవాడు కాదు.

లేవబోతుంటే ఆయన జెల్లాబా చేతి అంచు కనిపించింది. నీలం పోగు ఒకటి ఎవరో లాగి తెంపినట్టు ఊడి వేలాడుతోంది. ఏమీ అనకుండా బయటికొచ్చాను.

మూడో హాల్లో ఖాళీ బీరువా నాకేమీ చెప్పలేదు. అద్దం తుడిచి ఉంది, తాళం చక్కగా ఉంది. రెండో హాల్లోకి తిరిగొచ్చాను. ఆ గోడ నిండా పాత తుపాకులే. పైనుంచి కిందికి వరసలు, ఒక్కో కొక్కేనికి ఒక్కో తుపాకి. అన్నిటి మీదా దుమ్ము పలచగా, సమానంగా పరుచుకుని ఉంది. నాకు ఆ గోడ ముందు నిలబడటమంటే చిన్నప్పట్నుంచీ ఇష్టం. తాపీగా చూసుకుంటూ నడిచాను.

"ఖాల్తీ, పోయింది ఆ హాల్లో. ఇక్కడేం వెతుకుతావు?" హమ్మాది వెనకే వచ్చాడు. "నాలుగూ ఇరవై అయింది."

"లల్లా బహీజా!" అని కేకేశాను. డైరెక్టర్ పరుగున వచ్చింది. "ఈ గోడకి ఎన్ని తుపాకులుండాలి?"

"అరవై నాలుగు. కాదు కాదు, అరవై మూడు. అడుగు వరసలో చివరిది కర్ర పగిలిందని మార్చిలో రబాత్‌కి పంపాం. ఇంకా రాలేదు."

అడుగు వరసలో చివరి కొక్కేనికి తుపాకి వేలాడుతోంది.

లల్లా బహీజా నోటి మీద చెయ్యేసుకుంది. హమ్మాది దగ్గరికొచ్చి వంగాడు. పాపం, వాణ్ని అనడానికి లేదు. వస్తువు పోయిందంటే అందరూ ఖాళీ అయిన చోటే చూస్తారు. నిండిన చోటుని ఎవరు చూస్తారు?

చేతి గుడ్డతో ఆ తుపాకిని దించాను. దుమ్ము లేదు. పాతదే గానీ రోజూ వాడే సరుకు, కొత్త మందు వాసన వేస్తోంది. మీట కింద వంపులో ఎవరూ చూడకుండా ఒక నీలం పోగు మూడు ముడులతో కట్టి ఉంది.

"హా!" హమ్మాది చప్పట్లు కొట్టినంత పనిచేశాడు. "అల్లాల్ చేతి అంచు నేనూ చూశాను ఖాల్తీ. నీ ముసలాడి పోగే ఇది! పద, బండెక్కిద్దాం."

"పోగు ఆయనదే. ఒప్పుకున్నా. ఇప్పుడిది వాసన చూడు." తుపాకి మూతి వాడి ముక్కు దగ్గర పెట్టాను.

వాసన చూశాడు. కనుబొమలు ముడిపడ్డాయి. మళ్లీ చూశాడు. "ఇదేంటి... స్మెన్?"

స్మెన్ అంటే మేం కుండలో పెట్టి నెలల తరబడి ముదరబెట్టే వెన్న. వేడి కుస్కుస్ మీద ఓ చెంచాడు వేస్తే వీధి చివరిదాకా ఘాటు కొడుతుంది. తిన్నాక పెదాలు కడుక్కున్నా పోదు. తుపాకి మూతి చుట్టూ సన్నటి జిడ్డు వలయం, సరిగ్గా పెదాలు ఆనినంత మేర.

"ఎవడో కుస్కుస్ తినొచ్చి, ఈ తుపాకిని చేతిలోకి తీసుకుని, అలవాటు కొద్దీ గొట్టంలో ఊది, అప్పుడు ఈ కొక్కేనికి తగిలించాడు," అన్నాను. "ఇప్పుడు చెప్పు హమ్మాదీ. శుక్రవారం నాడు జుమాకి ముందు కుస్కుస్ తినే ఇల్లు ఈ ఊళ్లో ఒక్కటి చూపించు."

వాడు వేళ్లు మడవబోయి ఆపేశాడు.

"లేదు. నమాజయ్యాకే ఎవరైనా తినేది. అంటే పని జరిగింది పన్నెండింటికి కాదు, రెండు దాటాక. రెండు నుంచి రెండూ యాభైదాకా అల్లాల్ గేటు మెట్ల మీదున్నాడని నువ్వే చెప్పావు. టీ కొట్టతను సాక్షి."

"మరి పోగు?"

"అది ఆయన్నే అడుగుదాం. వెనక తలుపు తాళాలున్న ముగ్గురిలో ఇక మిగిలింది షకీబ్. ముందు నాతో పైకి రా. నోరు మూసుకుని తలుపు దగ్గర నిలబడు. ఆ ఒక్కటీ చెయ్యగలవుగా?"

"నీ దగ్గర ఎనిమిదేళ్లు చేసిందదేగా," అన్నాడు. వాడికి నవ్వొచ్చింది, ఆపుకున్నాడు.

డిప్యూటీ షకీబ్ తన గదిలో నిలబడే ఉన్నాడు. నలభై ఏళ్లుంటాయి. ఇస్త్రీ నలగని సూటు, చేతికి పెద్ద గడియారం. మేం లోపలికి అడుగుపెట్టేలోగా రెండుసార్లు దానివంక చూసుకున్నాడు.

"లల్లా, నన్ను వదలండి. మైదానానికి వెళ్లాలి. వ్యానుతోపాటే వెళ్లాల్సినవాణ్ని, ఇన్‌స్పెక్టర్‌గారు అందర్నీ ఇక్కడే ఆపేశారు. నేను సంతకం పెట్టి అప్పగిస్తే గానీ వాళ్లు తుపాకులు ముట్టకూడదు."

"ఒక్క నిమిషం సీదీ షకీబ్. మీకు గుర్రాలూ తుపాకులూ బాగా అలవాటేనా?"

"నాకా? అబ్బే. నేను కాగితాల మనిషిని. జీవితంలో గుర్రమెక్కలేదు."

"అయ్యో, నాకూ భయమే. రబాత్ నుంచి వచ్చిందట, ఇది ఖాళీదో కాదో కాస్త చూసి పెడుదురూ. నా చేతిలో పేలితే మా కోడలు సంతోషిస్తుంది." అంటూనే తుపాకిని ఆయన చేతుల్లో పెట్టేశాను.

ఆయన ఆలోచించలేదు. ఆలోచించే వ్యవధి నేనివ్వలేదు. ఎడమచేత్తో తుపాకి అందుకున్నాడు, కుడిచేత్తో సుత్తి పైకి లాగాడు, బొటనవేలు సరిగ్గా రంధ్రం మీద పెట్టాడు, గొట్టం పక్కకి వంచి మూతికి పెదాలానించి ఫూ అని ఊదాడు. అంతా రెండు సెకన్లు. నిలువునా మా నాన్నే కనిపించాడు నాకు.

ఆ తర్వాత ఆయన పెదాలు మూతి దగ్గరే ఆగిపోయాయి. కళ్లు మాత్రం పైకెత్తి నన్ను చూశాడు.

"గాలొచ్చిందా నాయనా?" అన్నాను మెల్లగా.

తుపాకిని బల్ల మీద పెట్టి కుర్చీలో కూలబడ్డాడు. తలుపు దగ్గర హమ్మాది "యా లతీఫ్! దేవుడా!" అన్నాడు.

"మా తాత బారుకి పెద్ద," అన్నాడు షకీబ్. "పదహారేళ్లదాకా నేనూ స్వారీ చేశాను. ఊరొదిలి వచ్చాక ఎవరికీ చెప్పలేదు. పల్లెటూరివాడంటారని." చేతి గడియారం విప్పి బల్ల మీద పెట్టాడు. "కాసాబ్లాంకాలో ఒకాయనకి అరూసా మీద కన్నుపడింది. నేను... ఒప్పుకున్నాను. అల్లాల్ ప్రతి శుక్రవారం నమాజుకి ముందు వజూకి కాళ్లూ చేతులూ కడుక్కుంటూ తాళాలు మేకుకి తగిలిస్తాడు. సబ్బు ముక్క మీద అచ్చు తీశాను. కడుపులో పుండని చెప్పింది అబద్ధం. ఇవాళ గబగబా నాలుగు ముద్దలు కుస్కుస్ తిని, రెండూ పదికి వెనక తలుపులోంచి వచ్చాను. పై సంచిలోని తుపాకి తీసి ఇక్కడ తగిలించి, ఆ సంచిలో అరూసాని పెట్టాను. వ్యానుతో వెళ్లి, అక్కడ ముందుగా ఆ సంచి పక్కకి తీసేద్దామనుకున్నా. మీవాళ్లు గేటు మూసేశారు."

"అరూసాలో కూడా ఊదావా?"

"ఊదాను. చెయ్యి ఊరుకోదుగా. గాలి రాలేదు. వందేళ్ల తుప్పు, అంతే."

గడియారం నాలుగూ నలభై రెండు చూపిస్తోంది. నాకు మనసు తేలికపడింది. బా అల్లాల్‌కి శుభవార్త నేనే చెప్పాలని తుపాకి చేతపట్టుకుని గబగబా మెట్లు దిగాను. నా వెనకే హమ్మాది షకీబ్ మోచెయ్యి పట్టుకుని వచ్చాడు.

"లేవయ్యా పెద్దాయనా, దొంగ దొరికాడు," అన్నాను. "ఇక ఈ నీలం పోగు సంగతి చెప్పు."

ముసలాయన తలొంచుకున్నాడు. "గోదాంలోకి వెళ్లాను. పరాయి చెయ్యి పడకూడదని తెలిసీ షామా సంచి విప్పాను. నూనె రాసి, దిష్టి తగలకుండా పోగు కట్టాను. అది తొలిసారి జాతరలో పేలుస్తోంది కదా. తెలిస్తే బారంతా అపశకునమని దాన్ని పక్కన కూర్చోబెడతారు. అందుకే చెప్పలేదు." అప్పుడు నా చేతిలో ఉన్న తుపాకిని చూశాడు. "ఇదేంటి, షామా తుపాకి ఇక్కడుందేం? దాని సంచిలో ఏముంది మరి?"

"అరూసా," అన్నాను.

ఆయన గోడ పట్టుకుని లేచాడు.

"బిడ్డా," అన్నాడు. "అరూసా ఖాళీది కాదు. ముగ్గురు డైరెక్టర్ల కిందటాయన నాకు చెప్పాడు. చివరిగా దాన్ని పట్టినవాడు మందూ గుండూ కూరి, పేల్చకుండానే చచ్చిపోయాడట. తియ్యడానికి ఎవరికీ ధైర్యం చాల్లేదు. బీరువాలో పెట్టి తాళమేశారు. కాగితాల్లో రాయలేదు. లోపలున్నది తుప్పు కాదు."

షకీబ్ గోడకి ఆనుకున్నాడు. "దానిమీద మళ్లీ మందు కూరితే..."

"గొట్టం పగిలి ముఖం మీదే పేలుతుంది," అన్నాడు బా అల్లాల్. "మా షామా ఆ వెండి చూసి వెనకాడదమ్మా. నీకు ఎప్పటికైనా అరూసాని పట్టిస్తానే అని చిన్నప్పట్నుంచి దాంతో వేళాకోళమాడేది నేనే. తాత మాట నిలబెట్టుకున్నాడు అనుకుంటుంది."

నాలుగూ యాభై. షామాకి ఫోన్ చేశాం. మోగి మోగి ఆగిపోయింది. స్వారీ చేసే పిల్లలు ఫోన్లు గుడారంలో పెట్టేస్తారు. హమ్మాది అప్పటికే వాకీటాకీ నోటి దగ్గర పెట్టుకుని అరుస్తున్నాడు. మైదానంలో వాడి కానిస్టేబుల్ జిలాలి డ్యూటీలో ఉన్నాడు.

"జిలాలీ! ఆడపిల్లల బారుని ఆపు! పేల్చనివ్వకు!"

"సార్, నేను ఇటు చివరున్నా. జనం కిక్కిరిసి ఉన్నారు. సంతకం కోసం చూసి చూసి తుపాకులు తీసేసుకున్నారు. గుర్రాలు వరసలో నిలబడ్డాయి సార్!"

"పరుగెత్తరా!"

మేమంతా గోడ మీదికి ఎక్కాం. అక్కణ్నుంచి మైదానం కనిపిస్తుంది గానీ, కనిపించింది దుమ్మే. కింద గుర్రాల డెక్కల చప్పుడు మొదలైంది. దగ్గరవుతోంది, ఉధృతమవుతోంది. బా అల్లాల్ నా చెయ్యి పట్టుకున్నాడు. ఆయన పెదాలు కదుల్తున్నాయి. బారు పెద్దమ్మ కేక వినబడింది. ఆ వెంటనే ధన్‌మని ఒకే ఒక్క మోత. గోడ అదిరింది. పావురాలన్నీ లేచిపోయాయి.

తెల్లటి పొగ. హమ్మాది నా వైపు చూడలేకపోయాడు.

"పది," అన్నాడు బా అల్లాల్.

"ఏంటి?"

"పది తుపాకులు పేలాయి. పదకొండు కాదు." కళ్లు గట్టిగా మూసుకున్నాడు. "నలభై ఏళ్లు విన్నానమ్మా ఆ మోత. ఎడమ చివర ఒకటి పేలలేదు. ఎడమ చివరుండేది షామానే."

పేలలేదంటే ఏమైనట్టు? పిల్ల పడిపోయిందా, జిలాలి అందుకున్నాడా, మందే అంటుకోలేదా? వాకీటాకీలో గరగర తప్ప ఏమీ లేదు. ఆ నిమిషం ఎంతసేపు సాగిందో నేను చెప్పలేను.

"సార్." జిలాలి ఆయాసం వినబడింది. "సార్, పిల్ల బాగానే ఉంది సార్. నేను వచ్చేసరికే బారు నుంచి పక్కకి తప్పుకుని గుర్రం దిగింది. అందరూ తిడుతున్నారు, ఏడుస్తోంది. తుపాకి నా చేతిలోనే ఉంది. ఒళ్లంతా వెండే సార్, అరూసానే!"

"ఎందుకు పేల్చలేదు?" అరిచాడు హమ్మాది.

"ఊదితే గాలి రాలేదందట సార్. అందుకే మందు కూరలేదట. ఇంకోటి సార్... తుపాకి మూతికి ఎర్రగా ఏదో అంటుకుని ఉంది. నేను రక్తమనుకుని హడలిపోయా. కాదు సార్, లిప్‌స్టిక్."

బా అల్లాల్ గోడ మీదే కూలబడి, రెండు చేతుల్లో ముఖం పెట్టుకుని ఏడ్చాడు, నవ్వాడు, మళ్లీ ఏడ్చాడు. హమ్మాది వంగి ఆ ముసలాయన తల మీద ముద్దుపెట్టుకుని "నన్ను క్షమించు పెద్దాయనా" అన్నాడు. ఆ మాట అనడానికి వాడికి ఎంత కష్టమైందో నాకొక్కదానికే తెలుసు.

"ఆ మూతిని ఎవరూ తుడవొద్దని చెప్పు నాయనా," అన్నాడు బా అల్లాల్ కళ్లొత్తుకుంటూ. "వందేళ్లకి పెళ్లికూతురికి ముస్తాబు కుదిరింది."